షాకప్ బిగించే ముందు కొలత టేపు తీయండి: మీ బరువుకు తగ్గట్టు బండి సస్పెన్షన్ సెట్ చేసుకునే పద్ధతి

నా బరువు 94 కిలోలు. మా బామ్మర్దిది 56. ఇద్దరివీ ఒకే మోడల్ 125 సీసీ బళ్లు, నెల తేడాతో కొన్నవి. హనుమకొండ నుంచి ములుగు వైపు పక్కపక్కనే పోతుంటే, స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ నా బండి వెనక నుంచి ధన్‌మని చప్పుడు వచ్చేది. వాడి బండి మాత్రం మెత్తగా దిగిపోయేది. "నీ బండి కూసున్నది బావా, షాకప్‌లు పోయినయేమో చూపియ్" అన్నాడు. చూపించాను. రెండు షాక్ అబ్జార్బర్లూ మార్చాల్సిందేనని మెకానిక్ తేల్చేశాడు. డబ్బులిచ్చే ముందు ఒక్కసారి టేపు పెట్టి కొలుద్దామనిపించింది. కొలిస్తే షాకప్‌లకు ఏ రోగమూ లేదని తెలిసింది. బండి మా బామ్మర్దిలాంటి మనిషి కోసం సెట్ అయి వచ్చింది, దాని మీద నేను కూర్చుంటున్నాను.

ఆ కొలత ఎలా తీయాలో, తీశాక ఏం తిప్పాలో, ఎక్కడ ఆగాలో చెప్తాను. కావలసినవి ఒక టేపు, ఒక మార్కర్, ఒక సి స్పానర్ (షాకప్ రింగు తిప్పే కొక్కెం పానా), చాయ్ తాగిస్తానంటే వచ్చే ఇద్దరు మనుషులు. ఒక ఆదివారం పొద్దున చాలు.

మనిషి బరువుతో ఇంత తేడా ఎందుకు?

100, 125 సీసీ బండి బరువు 110 నుంచి 125 కిలోలు ఉంటుంది. దాని మీద 94 కిలోల మనిషి ఎక్కాడంటే దాదాపు ఇంకో బండి ఎక్కినట్టే. కారులో డ్రైవర్ 56 కిలోలున్నా 94 ఉన్నా టన్ను బరువులో అది లెక్కలోకి రాదు. బైకులో అదే అసలు లెక్క. పైగా మామూలుగా కూర్చున్నప్పుడు మన బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది. వెనక కూర్చున్నవాళ్ల బరువైతే దాదాపు మొత్తం వెనక్కే పోతుంది.

వెనక స్ప్రింగ్ చేసే పని రెండు రకాలు. గుంత వస్తే లోపలికి ముడుచుకోవాలి, ఆ సంగతి అందరికీ తెలుసు. గుంతలో చక్రం కిందికి దిగినప్పుడు స్ప్రింగ్ సాగి టైరును రోడ్డుకు అంటించి ఉంచాలి కూడా. ఈ రెండో పని కోసం, మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా బండి కొంత కుంగి ఉండాలి. అసలు కుంగకపోతే చక్రానికి కిందికి దిగే చోటే ఉండదు, చిన్న గుంతకే టైరు గాల్లో తేలుతుంది. మరీ కుంగితే పైకి ముడుచుకునే చోటు అయిపోతుంది. నా బండి చేసిన ధన్ చప్పుడు అదే. రేసుల భాషలో ఈ కుంగుడును శాగ్ అంటారు. మొత్తం పని ఈ ఒక్క కొలత చుట్టూనే తిరుగుతుంది.

బిగిస్తే గట్టిపడుతుందా?

పడదు. సస్పెన్షన్ గురించి మన దగ్గర ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. "ఒక పాయింట్ టైట్ చెయ్యన్నా, మెత్తగ కొడుతున్నది" అని మెకానిక్‌తో నేనూ ఏళ్లపాటు అన్నాను.

పాత ఇనుప సామాన్లు కొనేవాళ్ల చేతిలో కొక్కెం వేలాడే స్ప్రింగ్ కాటా చూసే ఉంటారు. సున్నా సరిచేసుకోవడానికి దానికి చిన్న మర ఉంటుంది. ఆ మర తిప్పితే ముల్లు ఎక్కడ మొదలవ్వాలో మారుతుంది. ఒక కిలో గీతకూ రెండో కిలో గీతకూ మధ్య దూరం మాత్రం మారదు. స్ప్రింగ్ అదే, కిలోకు ఎంత సాగాలో అంతే సాగుతుంది. షాకప్ కింద ఉండే మెట్ల రింగు ఆ సున్నా మర లాంటిదే. దాన్ని తిప్పితే బండి ఎంత ఎత్తులో నిలబడుతుందో మారుతుంది. దీన్నే ప్రీలోడ్ అంటారు. బిగించాక బండి గట్టిపడినట్టు అనిపించేది కూడా, ఎత్తులో నిలబడటం వల్ల కింద తగలడం తగ్గినందుకే. మరీ ఎక్కువ బిగిస్తే చిన్న గతుకులకు స్ప్రింగ్ కదలనే కదలదు, నడుం కదులుతుంది.

స్ప్రింగ్‌ను నిజంగా గట్టిపరచాలంటే వేరే స్ప్రింగ్ వేయడం ఒక్కటే దారి. ఆ అవసరం ఉందో లేదో కూడా ఈ టేపే చెప్తుంది.

కొలతకు ముందు

టైర్లలో గాలి సరిగా ఉందో లేదో మొదట చూడండి. ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బళ్లకు చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో స్టిక్కర్ కూడా ఉంటుంది. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె ఇస్తారు. బంక్ దాకా పది కిలోమీటర్లు తోలుకుపోయి వేడి టైరులో చూస్తే కాటా ఎక్కువ చూపిస్తుంది, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గాలి తక్కువైన వెనక టైరు కూడా అచ్చం పోయిన షాకప్‌లాగే ఊగుతుంది.

తర్వాత షాకప్ రాడ్, ముందు ఫోర్కు పైపులు చేత్తో తడిమి చూడండి. నూనె జిడ్డు తగిలితే సీల్ పోయినట్టు, అది బాగు చేయించకుండా కొలిచి లాభం లేదు. బండిని డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే బుష్‌లు గానీ బేరింగులు గానీ అరిగినట్టు, అవి మార్పించుకుని రండి. పెట్రోలు సగం ట్యాంకు ఉంటే మేలు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది.

ఇక మీ బరువు. బనియన్ మీద తూగి సంతోషపడొద్దు. రోజూ బండెక్కేటప్పుడు ఎలా ఉంటారో అలాగే తూగండి. హెల్మెట్, బూట్లు, లాప్‌టాప్ బ్యాగు, టిఫిన్ డబ్బా అన్నీ కలిపి నాకు ఐదు కిలోలు పెరిగింది. పైన చెప్పిన 94 అలా వచ్చిందే. మేడారం జాతరలో నిలువెత్తు బంగారం (బెల్లం) మొక్కుకు తూగినట్టు నిజాయితీగా తూగాలి.

మూడు కొలతలు

వెనక చక్రం యాక్సిల్ నట్టు నడిమధ్యన ఒక చుక్క పెట్టండి. దానికి నిట్టనిలువుగా పైన, సీటు పక్క ప్లాస్టిక్ మీదో గ్రాబ్ రైలు మీదో చిన్న జిగురు టేపు ముక్క అంటించి గీత గీయండి. ప్రతిసారీ ఈ రెండు గుర్తుల మధ్యే కొలవాలి. గుర్తు పక్కకు జరిగితే అంకెలన్నీ అబద్ధాలే.

మొదటిది, చక్రం వేలాడే కొలత. డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రం నేలకు తగలకుండా చూసుకుని కొలవండి. డబుల్ స్టాండ్ లేని బండిని సైడ్ స్టాండ్ మీద వంచి, ఇంకొకరు వెనక నుంచి చక్రం లేచేదాకా ఎత్తి పట్టుకోవాలి. నా బండికి ఇది 612 మి.మీ. వచ్చింది. సెంటీమీటర్లలో కాకుండా మిల్లీమీటర్లలోనే రాసుకోండి. ఇక్కడ ఐదు మిల్లీమీటర్లంటే పెద్ద తేడా.

రెండోది, ఖాళీ బండి కొలత. స్టాండ్ తీసి, చదును నేల మీద ఒకరు హ్యాండిల్ పట్టుకుని బండిని నిటారుగా నిలబెట్టాలి. గచ్చు అయితే మంచిది, వాకిట్లో మట్టి నేల వద్దు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. సస్పెన్షన్ లోపల సీళ్లు, బుష్‌ల రాపిడి వల్ల బండి ప్రతిసారీ ఒకే చోట ఆగదు. అందుకని వెనక సీటు మీద కిందికి నొక్కి మెల్లగా వదలండి, కొలవండి. నాకు 597 వచ్చింది. తర్వాత వెనక భాగాన్ని కొంచెం పైకెత్తి మెల్లగా వదిలి మళ్లీ కొలవండి. 603 వచ్చింది. రెండింటి సగటు 600. నొక్కిన కొలతకూ ఎత్తిన కొలతకూ తేడా పది మిల్లీమీటర్లు దాటితే ఎక్కడో పట్టేస్తున్నట్టు. షాకప్ బుష్‌లు ఎండిపోయి ఉండొచ్చు, రాడ్ వంగి ఉండొచ్చు.

మూడోది, మనిషితో కొలత. రోజూ కూర్చునే చోటే, రోజూ కూర్చునేలాగే కూర్చుని, రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టాలి. ముందు నుంచి ఒకరు హ్యాండిల్ పట్టుకుంటే బండి పడదు. ఇంకొకరు ఇందాకటిలాగే నొక్కి ఒకసారి, ఎత్తి ఒకసారి కొలవాలి. నాకు 563, 569 వచ్చాయి. సగటు 566. కొలిచేటప్పుడు టేపు చూడాలని కిందికి వంగకండి. వంగితే బరువు ముందుకు పోయి అంకె మారిపోతుంది. మా బామ్మర్ది "కదలకు బావా, ఫోటో దిగుతున్నవనుకో" అంటూనే ఉన్నాడు.

లెక్క

612 లోంచి 600 తీస్తే 12. బండి తన బరువుకు తానే కుంగింది అంత. 612 లోంచి 566 తీస్తే 46. నేను కూర్చుంటే మొత్తం కుంగింది అంత.

ఇప్పుడు వెనక చక్రం మొత్తం ఎంత పైకీ కిందికీ ఆడగలదో తెలియాలి. దీన్ని వీల్ ట్రావెల్ అంటారు. మాన్యువల్‌లోనో కంపెనీ వెబ్‌సైట్‌లోనో ఉంటుంది. నా బండికి 110 మి.మీ. రోడ్డు మీద తిరిగే బళ్లకు, మనిషి కూర్చున్నాక కుంగుడు మొత్తం ట్రావెల్‌లో 30 శాతం నుంచి 35 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. 110కి అది 33 నుంచి 38 మి.మీ. నాకొచ్చిన 46 అంటే 42 శాతం. గుంత రాకముందే సగం దగ్గరికి కుంగిపోయి ఉన్నాను. అదే బండి మీద, అదే సెట్టింగులో మా బామ్మర్దిని కూర్చోబెడితే 32 వచ్చింది, 29 శాతం. వాడికి కంపెనీ సెట్టింగే దాదాపు సరిపోయింది.

ట్రావెల్ పెద్దదైన బళ్లకు శాతం అదే, మిల్లీమీటర్లు పెరుగుతాయి. హీరో ఎక్స్‌పల్స్ 200కు వెనక 170 మి.మీ., కాబట్టి 51 నుంచి 59 దాకా కుంగడం మామూలే. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు వెనక 180 మి.మీ., దానికి 54 నుంచి 63. ఎత్తు బండి కొని "కూర్చుంటే ఇంత దిగుతుందేంటి" అని టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

తిప్పడం

జంట షాకప్‌ల బళ్లకు స్ప్రింగ్ కింది చివర మెట్లు మెట్లుగా కోసిన రింగు ఉంటుంది. స్ప్లెండర్ ప్లస్‌కు ఐదు మెట్లు, క్లాసిక్ 350కి ఆరు. మెకానిక్‌లు పాయింట్లు అంటారు. పొలాల దారిలో తిరిగే బండైతే ఆ రింగు చుట్టూ మట్టి పేరుకుని రాయిలా ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో, కాస్త కిరోసిన్‌తో శుభ్రం చేయండి. కొన్ని బళ్లకు టూల్ కిట్‌లోనే సి స్పానర్ ఇస్తారు. లేకపోతే స్పేర్ పార్టుల షాపులో కొనుక్కోండి. రోడ్డు పక్కన చాలామంది చేసినట్టు ఉలి పెట్టి సుత్తితో కొట్టించకండి. రింగు అంచు విరిగిందంటే ఇక ఎప్పటికీ ఒకే పాయింటులో ఉండిపోతుంది.

బండిని డబుల్ స్టాండ్ వేయండి, బరువు లేకపోతే రింగు తేలిగ్గా తిరుగుతుంది. సైలెన్సర్ చల్లారిందో లేదో చూసుకోండి, ఆ పక్క షాకప్ దాని పక్కనే ఉంటుంది. స్ప్రింగ్ ఏ వైపు తిప్పితే పొట్టిదవుతుందో అటు తిప్పితే బిగించినట్టు. రెండు పక్కలా ఒకే పాయింటు ఉండాలి, ఒకటి మూడులో ఇంకొకటి నాలుగులో ఉంచి తోలడం ప్రమాదం. ముందు ఒక్కొక్క పాయింటే మార్చి కొలవండి. నా బండి కంపెనీ నుంచి రెండో పాయింటులో వచ్చింది. మూడులో పెడితే 41.5, నాలుగులో పెడితే 37 వచ్చింది. నాలుగు దగ్గర ఆగాను.

మోనోషాక్ (వెనక ఒక్కటే షాకప్ ఉన్న) బళ్లలో కొన్నిటికి ఇలాంటి మెట్ల రింగే ఒకటి ఉంటుంది, ఎక్స్‌పల్స్‌కు ఉన్నట్టు. కొన్నిటికి మర ఉన్న రెండు రింగులు ఒకదానిపై ఒకటి ఉంటాయి. పైది తాళం రింగు, ముందు దాన్ని వదులు చేసి కిందిది తిప్పాలి, చివర్లో మళ్లీ తాళం వేయాలి. మోనోషాక్‌లో షాకప్ చిన్నగా కదిలితే చక్రం ఎక్కువ కదులుతుంది కాబట్టి రింగు ఒక మిల్లీమీటరు దిగితే చక్రం దగ్గర కుంగుడు రెండు, మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందుకని ఒక్క చుట్టు తిప్పి కొలవడం, మళ్లీ తిప్పడం. గ్యాస్ నింపిన షాకప్‌ను ఇంట్లో విప్పే ఆలోచనే పెట్టుకోవద్దు. లోపల ఒత్తిడితో నైట్రోజన్ ఉంటుంది.

స్ప్రింగ్ మీకు సరిపోతుందా అనే పరీక్ష

మనిషితో కుంగుడు సరిచేశాక, మీరు దిగి ఖాళీ బండి కుంగుడు మళ్లీ కొలవండి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఖాళీ బండి ఐదు నుంచి పది, పన్నెండు మిల్లీమీటర్లు కుంగితే ఆ స్ప్రింగ్ మీ బరువుకు సరిపోయినట్టే. సున్నా వచ్చిందంటే, అంటే మీరు దిగగానే బండి పూర్తిగా పైదాకా లేచి ఆగిపోతుందంటే, స్ప్రింగ్ మీకు మెత్తన. మెత్తన స్ప్రింగ్‌ను బాగా నొక్కి పెట్టి మీ బరువును మోయిస్తున్నారన్నమాట. దీనికి ఉల్టాగా, మీరు కూర్చుంటే కుంగుడు సరిగ్గా ఉండి, ఖాళీ బండి ఇరవై, పాతిక కుంగుతుంటే స్ప్రింగ్ మీకు గట్టిది. మొదటిసారి విన్నప్పుడు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. సన్నగా ఉన్నవాళ్లు అడ్వెంచర్ బళ్లు కొని, "ఎంత వదులు చేసినా కొడుతూనే ఉంది" అంటారు కదా, వాళ్ల కథ ఈ రెండోదే.

నాలుగో పాయింటులో నా ఖాళీ బండి కుంగుడు 3 మి.మీ. అంచు మీద ఉంది. కచ్చితంగా చెప్పాలంటే నా బరువుకు కాస్త గట్టి స్ప్రింగ్ కావాలి. వేయలేదు. ఊళ్లో తిరిగే 125 సీసీ బండికి అంత ఖర్చు దండగ అనుకున్నాను, బరువు తగ్గడం దానికన్నా చవక అని మా ఇంట్లో తీర్మానం కూడా అయింది. అదే మీరు అడ్వెంచర్ బండి మీద తాడ్వాయి అడవి దారుల్లో తరచూ తిరిగేవాళ్లయితే నేను స్ప్రింగ్ మార్చమనే చెప్తాను.

ముందు ఫోర్కు

మామూలు బళ్లకు ముందు ఫోర్కులో తిప్పడానికి ఏమీ ఉండదు. అయినా కొలవాలి. ఫోర్కు మెరిసే పైపు చుట్టూ ఒక ప్లాస్టిక్ కేబుల్ టై బిగించండి, జరపగలిగేంత వదులుగా. డబుల్ స్టాండ్ వేసి ఒకరు వెనక గ్రాబ్ రైలు మీద బరువు మోపితే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు కనిపించే పైపు పొడవు మొదటి కొలత. తర్వాత మీరు కూర్చున్నాక ఎంత మిగిలిందో చూసి తీసేయండి. నొక్కి ఒకసారి, ఎత్తి ఒకసారి అనే పద్ధతి ఇక్కడ ఇంకా అవసరం, ఫోర్కులో రాపిడి ఎక్కువ. నా ఫోర్కు ట్రావెల్ 130. నేను కూర్చుంటే 49 కుంగింది, బామ్మర్ది కూర్చుంటే 36.

కేబుల్ టై ఇంకో పని కూడా చేస్తుంది. దాన్ని కింద సీల్ దాకా దించి, రోజూ పోయే దారిలో ఒక చుట్టు తిరిగి రండి, ఒకటి రెండు చోట్ల గట్టిగా బ్రేకు వేయండి. అది ఎంత పైకి జరిగిందో చూస్తే ఫోర్కు ఎంత వాడుకుందో తెలుస్తుంది. చివర పది, పదిహేను మిల్లీమీటర్లు మిగలాలి. ఏమీ మిగలకపోతే అడుగు తగులుతున్నట్టు. సగం కూడా జరగకపోతే మీకు గట్టిది.

ఫోర్కు మెత్తగా ఉంటే ఆయిల్ కొంచెం ఎక్కువ పోయడం మన మెకానిక్‌ల దగ్గర పాత చిట్కా. ఎక్కువ పోస్తే లోపల గాలికి చోటు తగ్గి, చివర్లో ఫోర్కు గట్టిపడే మాట నిజమే. కానీ అది మీ బరువును మోయదు, కుంగుడును పెద్దగా మార్చదు. మితిమీరితే ఒత్తిడికి సీళ్లు కారడం మొదలవుతుంది. చిక్కటి ఆయిల్ కూడా అంతే. ఫోర్కు కదిలే వేగాన్ని తగ్గిస్తుంది తప్ప బండిని పైకి లేపదు. సరైన దారి, స్ప్రింగ్ పైన ఉండే స్పేసర్‌కు (చిన్న గొట్టం ముక్కకు) తగినంత మందం వాషర్ కలపడం. ఫోర్కులో ఒక మిల్లీమీటరు కలిపితే కుంగుడు సుమారు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. ఫోర్కు ఆయిల్ మార్పించినప్పుడే రెండు పక్కలా 5 మి.మీ. వాషర్లు వేయించాను, 44కి వచ్చింది. 130లో 30 నుంచి 35 శాతమంటే 39 నుంచి 46, కాబట్టి సరిపోయింది. ఈ పని మాత్రం మెకానిక్ దగ్గరే చేయించండి. ఫోర్కు పై మూత కింద స్ప్రింగ్ నొక్కి ఉంటుంది, చివరి చుట్టు తిప్పగానే మూత ఎగిరి ముఖానికి తగలొచ్చు.

డ్యాంపింగ్ మరలు ఉన్నవాళ్లకు

స్ప్రింగ్ బరువు మోస్తే, లోపలి ఆయిల్ దాని వేగాన్ని పట్టి ఆపుతుంది. మామూలు బళ్లకు ఈ వేగం మార్చే వీలు లేదు, ఈ భాగం వదిలేయవచ్చు. ఖరీదైన బళ్లకు రెండు మరలు ఉంటాయి. రీబౌండ్ అనేది స్ప్రింగ్ తిరిగి సాగే వేగాన్ని, కంప్రెషన్ అనేది ముడుచుకునే వేగాన్ని పట్టి ఉంచుతాయి. కుంగుడు సరిచేయకుండా వీటి జోలికి పోవద్దు.

ఏదైనా తిప్పేముందు, మరను గడియారం ముల్లు తిరిగే వైపు పూర్తిగా మూసేదాకా మెల్లగా తిప్పుతూ క్లిక్‌లు లెక్కపెట్టండి. ఆ అంకె రాసుకుని, మళ్లీ అన్ని క్లిక్‌లు వెనక్కి తిప్పండి. అది మీ ఇల్లు, దారి తప్పితే తిరిగొచ్చే చోటు. మూసేటప్పుడు బలం పెట్టొద్దు, లోపలి సూది మొన చెడిపోతుంది.

రీబౌండ్ చూడటం తేలిక. సీటు మీద గట్టిగా నొక్కి వదలండి. బండి లేచి నిలబడాలి. లేచి మళ్లీ దిగి మళ్లీ లేచి ఊగుతుంటే రెండు క్లిక్‌లు మూయండి. నీళ్లలోంచి బరువు లేపినట్టు బద్ధకంగా లేస్తుంటే రెండు క్లిక్‌లు తెరవండి. బరువైన మనిషి కోసం ప్రీలోడ్ పెంచితే మామూలుగా రీబౌండ్ కూడా ఒకటి, రెండు క్లిక్‌లు మూయాల్సి వస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండూ కలిపి తిప్పితే బాగుపడినా చెడినా దేనివల్లో తెలియదు.

ఇద్దరైతే, బస్తా ఎక్కితే

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక్క మనిషికి. మన బండి ఒక్క మనిషితో తిరిగేది ఎన్ని రోజులు? పొద్దున ఒక్కడిని కాజీపేటకు, సాయంత్రం ఇద్దరం బజారుకు, వచ్చేటప్పుడు మధ్యలో 25 కిలోల బియ్యం బస్తా.

మా ఇంటావిడ బరువు ఇక్కడ రాయను, నాకు అన్నం కావాలి. తను వెనక కూర్చున్నాక నాలుగో పాయింటులో వెనక కుంగుడు 72 మి.మీ. ఐదో పాయింటులో, అంటే చివరి మెట్టులో, 68. మొత్తం 110లో మిగిలింది 42. అందువల్ల ఇద్దరం ఎక్కినప్పుడు 35 శాతం సాధించే మాటే లేదు. చివరి పాయింటు పెట్టి, టైరు గాలి ఇద్దరికి చెప్పిన అంకెకు పెంచి, స్పీడ్ బ్రేకర్ దగ్గర నిజంగా నెమ్మదించడమే చేయగలిగింది. ఈ పనికి రెండు నిమిషాలు పడుతుంది. రోజూ ఇద్దరే తిరిగేవాళ్లు చివరి పాయింటులోనే ఉంచేయండి, అప్పుడప్పుడు ఒక్కరే పోయినప్పుడు కాస్త కొట్టినా పర్లేదు.

బండి మోయగల మొత్తం బరువు మాన్యువల్‌లో ఉంటుంది. చాలా 100 సీసీ బళ్లకు అది 130 కిలోల దగ్గర్లోనే. నాలాంటివాడు ఎక్కితే వెనక మనిషికి మిగిలేది 36 కిలోలు. రోడ్ల మీద ముగ్గురేసి పోయే బళ్ల షాకప్‌లు ఎందుకు కారుతాయో ఇక్కడే తెలుస్తుంది. ఏనుమాముల మార్కెట్ దారిలో మిర్చి బస్తాలు వేసుకుపోయే బళ్లను వెనక నుంచి చూడండి, స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. బస్తా కట్టక తప్పకపోతే, మీ నడుముకు ఆనించి కట్టండి, క్యారియర్ చివర కాదు. వెనక యాక్సిల్ దాటి బరువు పడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు.

తిప్పాక చూడాల్సినవి

వెనక ఎత్తు మారితే హెడ్‌లైట్ చూపు మారుతుంది. బిగిస్తే వెలుగు దగ్గరగా పడుతుంది, వెనక బరువెక్కి కుంగితే ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. రాత్రి గోడకు ఎదురుగా, మీరు కూర్చుని, చూసి సరిచేసుకోండి. చైన్ లూజు కూడా మళ్లీ కొలవండి. స్వింగ్ ఆర్మ్ కిందికీ పైకీ ఆడుతుంటే చైన్ బిగుతు మారుతూ ఉంటుంది, బరువెక్కినప్పుడు బిగిసిపోయే చైన్ గేర్‌బాక్స్ బేరింగ్‌ను తినేస్తుంది. వెనక ఎత్తు బాగా పెరిగిన బండి సైడ్ స్టాండ్ మీద ఎక్కువ ఒరుగుతుంది, మెత్తటి నేల మీద జాగ్రత్త. వెనక లేస్తే మలుపులో బండి చురుగ్గా తిరుగుతుంది, కుంగితే బద్ధకిస్తుంది. మొదటి రోజు ఆ తేడా అలవాటయ్యేదాకా మెల్లగా పోండి.

పరీక్షకు కొత్త దారి వద్దు. రోజూ పోయే దారిలో రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒక అతుకుల రోడ్డు, ఒక మలుపు ఉన్న నాలుగైదు కిలోమీటర్లు ఎంచుకుని, ప్రతి మార్పు తర్వాత అదే దారిలో, అదే వేగంతో పోయి రండి. వరి కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట మాత్రం పరీక్షలు పెట్టుకోవద్దు, గింజల మీద టైరు జారుతుంది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా, నొక్కి వదిలితే బండి మూడు నాలుగు సార్లు ఊగుతూనే ఉంటే, అప్పుడు షాకప్ లోపలి ఆయిల్ పని అయిపోయినట్టు. ఆ రోజు మెకానిక్ మార్చమంటే మార్చేయండి.

నా సీటు కింద తెల్ల స్టిక్కర్ మీద పెన్నుతో రాసి ఉంటుంది: ఒక్కడిని 4, ఇద్దరం 5, బామ్మర్ది 2. వాడు బండి తీసుకుపోయి తిరిగిచ్చిన ప్రతిసారీ తాళం చెవి తీసుకునే ముందు వంగి వెనక రింగు చూస్తాను. ఇప్పటివరకు ఒక్కసారి కూడా నాలుగుకు తిప్పి తేలేదు.